ఆరో ఊరికీ సామాను సర్దాలా?

తెనాలిలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఒక పాఠకురాలు, అని మొదలుపెట్టబోయి ఆగాను. స్థిరపడిన అనే మాటకు ఆవిడ ఒప్పుకోరు. ఏడు పేజీల ఉత్తరమంతా దాని గురించే.

ఆవిడకు 36 ఏళ్ళు. ఫార్మసిస్టు. ఇక్కడ ఫార్మ్‌డీ చదివే రోజుల్లో, అదే యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా, అంటే చదువుకుంటూ కోచింగ్ పని నేర్చుకునే మనిషిగా, ఉన్న అమెరికన్ అబ్బాయితో పరిచయమైంది. ఇంట్లో వాళ్ళతో రెండేళ్ళు పోరి పెళ్ళి చేసుకున్నారు. అప్పటి నుంచి పదేళ్ళలో 5 ఊళ్ళు, 4 రాష్ట్రాలు. రాష్ట్రం మారినప్పుడల్లా లైసెన్సు బదిలీ చేయించుకోవాలి, చాలాచోట్ల అక్కడి మందుల చట్టాల మీద మళ్ళీ పరీక్ష రాయాలి. మూడుసార్లు రాశారు. రెండో తరగతి చదివే పాపకు ఇది మూడో బడి. నాలుగేళ్ళ కిందట ఒక డిసెంబరులో హెడ్ కోచ్‌ను తీసేస్తే, ఆయనతో పాటు ఈయన ఉద్యోగమూ పోయింది. ఆ ఏడు సంక్రాంతికి ముగ్గు వేయలేదు, అట్టపెట్టెలు కట్టాను అని రాశారు.

ఇప్పుడు ఆయన ఒక మధ్యరకం యూనివర్సిటీలో డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్, అంటే ఎదుటి జట్టు విసిరే బంతుల్ని అడ్డుకునే కుర్రాళ్ళకు నేర్పే అసిస్టెంటు. జీతం లక్షా ముప్ఫై వేల డాలర్లు. ఈ సీజన్‌లో జట్టు 12 ఆటల్లో 3 మాత్రమే గెలిచింది. హెడ్ కోచ్‌ను ఇంకో ఏడాది ఉండనిచ్చారు కానీ తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు. ఈలోగా 11 గంటల డ్రైవు దూరంలో ఉన్న చిన్న ఊళ్ళోని ఒక డివిజన్ టూ కాలేజీ, అంటే కింది స్థాయి పోటీల్లో ఆడే కాలేజీ, ఆయన్ని హెడ్ కోచ్‌గా రమ్మంది. మూడేళ్ళ కాంట్రాక్టు, 92 వేలు. అదే వారంలో పాత స్నేహితుడొకడు పెద్ద జట్టులో అనలిస్టుగా, అంటే ఆటల వీడియోలు చూసి కోచ్‌లకు విశ్లేషణ ఇచ్చే మనిషిగా, రమ్మని ఫోను చేశాడు. దానికి 80 వేలు. ఈవిడేమో ఆగస్టులోనే ఆసుపత్రిలో ఫార్మసీ మేనేజరయ్యారు. మార్చిలో తెనాలి నుంచి అమ్మ ఆరు నెలలకు వస్తున్నారు. "డ్రిల్లు మాస్టారి ఉద్యోగానికి ఇన్ని ఊళ్ళేమిటే" అని అన్నయ్య ఎగతాళి. కాలేజీ ఇచ్చిన గడువు అయిదు రోజులు.

"నేను వద్దంటే ఆయన ఆగిపోతాడు, ఔనంటే నేను ఆగిపోతాను. ఏం చెప్పమంటారు?" అని అడిగారు.

గడువు ఇంకో వారం పెంచమని అడగండి, అడిగితే పోయేదేమీ లేదు అని వెంటనే రెండు ముక్కలు రాసి పంపాను. ఇచ్చారట. ఈ జవాబు ముందు ఆవిడకు చేరింది. ఆవిడ సరేనన్నాకే ఇక్కడ వేస్తున్నాం.

'నువ్వు' అనే పిలవమన్నావు కాబట్టి అలాగే పిలుస్తాను, తల్లీ.

నీ ఉత్తరం నాలుగో పేజీలో, పాప బడి ఫీజు సంగతికీ అమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతికీ మధ్య ఒక వాక్యం ఉంది. "హెడ్ కోచ్ అయిపోతే ఇక ఈ తిరుగుడు ఉండదు కదా." దాని చివర ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు నువ్వు. నీ ముడి అక్కడ పడింది. ఆ మాట నిజమనుకుంటే, ఈ ఒక్కసారికి ఓర్చుకుని వెళ్ళిపోవడమే తెలివైన పని. నిజం కాదనుకుంటే లెక్క మొత్తం మళ్ళీ వేసుకోవాలి. నేను ఒక యూనివర్సిటీ హెచ్ఆర్ ఆఫీసులో 19 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. కోచ్‌లు చేరే కాగితాలూ వెళ్ళే కాగితాలూ నా బల్ల మీదుగానే పోయేవి. వెళ్ళే కాగితాలు ఎప్పుడూ తొందరగా వచ్చేవి. నువ్వు రాసిన ఆ మాట నిజం కాదు తల్లీ.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం, మీ అన్నయ్య కోసం కూడా, కొంచెం పక్కకు వెళ్తాను. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. ఆడేది కాలేజీ పిల్లలే అయినా మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల మంది పడతారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం తరఫున అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరు కాదు, ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్ళు జింబో ఫిషర్‌ను తీసేసినప్పుడు కాంట్రాక్టు ప్రకారం ఆయనకు కట్టాల్సింది 7 కోట్ల 60 లక్షల డాలర్ల పైమాటే. తీసేసినందుకు! అయితే ఆ సొమ్ము పై మెట్టు మీది నూట ముప్ఫై పైచిలుకు జట్లలో, అందులోనూ పెద్ద జట్ల హెడ్ కోచ్‌లది. అసిస్టెంట్లకు ఏడాది, రెండేళ్ళ కాగితం ఉంటే గొప్ప. మిమ్మల్ని పిలిచిన డివిజన్ టూ అయితే వేరే లోకం. అక్కడ హెడ్ కోచ్ చందాలు అడుగుతాడు, బస్సు మాట్లాడతాడు, అవసరమైతే జెర్సీలు ఉతికే మిషను దగ్గర కూడా నిలబడతాడు.

మళ్ళీ నీ వాక్యం దగ్గరికి వస్తాను. కాలేజీ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ పేరు మీ ఇంట్లో రోజూ వినబడుతూనే ఉంటుంది. 1973లో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో మీ ఆయనలాగే గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా మొదలుపెట్టాడు. 1990లో టొలీడోలో మొదటిసారి హెడ్ కోచ్ అయ్యాడు. 9 ఆటలు గెలిచి 2 ఓడాడు, ఆ ఒక్క సీజన్‌తోనే ఊరు వదిలి క్లీవ్‌లాండ్ ప్రొఫెషనల్ జట్టుకు మళ్ళీ అసిస్టెంటుగా వెళ్ళాడు. 2007లో అలబామా యూనివర్సిటీ చేరేసరికి అది ఆయనకు పదమూడో మజిలీ, వయసు 55. జనం చెప్పుకునేది ఆ తర్వాతి 17 సీజన్ల గురించి. ఆయన భార్య గుర్తుపెట్టుకున్నది ఏ ఊళ్ళో ఉందో మనకు తెలియదు.

సేబన్ తర్వాత అలబామాకు హెడ్ కోచ్‌గా వచ్చిన కేలెన్ డిబోర్ కథ మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. సూ ఫాల్స్ అనే చిన్న కాలేజీలో అయిదేళ్ళు హెడ్ కోచ్‌గా ఉండి 67 ఆటలు గెలిచి 3 మాత్రమే ఓడాడు. మూడు జాతీయ టైటిళ్ళు. అంత చేసినా అక్కడి నుంచి నేరుగా పెద్ద కుర్చీ ఎక్కలేదు. 2010లో మళ్ళీ హెడ్ కోచ్ కింద పనిచేసే కోఆర్డినేటరుగా దిగి, నాలుగు యూనివర్సిటీలు తిరిగి, 2020లో గాని ఫ్రెస్నో స్టేట్‌కు హెడ్ కోచ్ కాలేదు. చిన్నచోట హెడ్ కోచ్ కావడమంటే మెట్ల వరసలో పైమెట్టు ఎక్కడం కాదు, పక్కనున్న ఇంకో మెట్ల వరసకు మారడం. అది కూడా పైకే వెళ్తుంది, కాకపోతే ఎక్కడ మలుపు తిరుగుతుందో కింద నుంచి కనబడదు.

మీ ఆయన చూపించే ఉదాహరణ కర్ట్ సిగ్నెటీ అయి ఉంటుంది. ఈ రోజుల్లో డివిజన్ టూ నుంచి పిలుపు వచ్చిన కోచ్‌లందరి నోటా అదే పేరు. అలబామాలో సేబన్ దగ్గర పనిచేస్తున్నవాడు 2011లో, 49 ఏళ్ళ వయసులో, జీతం తగ్గించుకుని పెన్సిల్వేనియాలో ఒక డివిజన్ టూ జట్టుకు హెడ్ కోచ్‌గా వెళ్ళాడు. అక్కడ ఆరేళ్ళు, ఈలాన్ యూనివర్సిటీలో రెండు, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో అయిదు. 2024లో ఇండియానాకు వచ్చి మొదటి సీజన్‌లోనే 11 గెలిచాడు. ఆ జట్టు అంతకు ముందు ఏ సీజన్‌లోనూ 10 కూడా గెలవలేదు. ఆ తర్వాతి కథ నీకు నేను చెప్పక్కర్లేదు. ఇది నిజమైన ఉదాహరణే, కాదనను. కానీ ఆయన వెళ్ళిన ఆ డివిజన్ టూ జట్టు వాళ్ళ నాన్న ఏళ్ళ తరబడి కోచ్‌గా ఉన్న జట్టు. ఒకరకంగా సొంత ఊరు. అక్కణ్ణుంచి ఇండియానా చేరడానికి 13 ఏళ్ళు పట్టింది. 13 ఏళ్ళంటే మీ పాప కాలేజీ మూడో సంవత్సరంలో ఉంటుంది.

ఉన్నచోటే ఉంటే కుదురు అని కూడా అనుకోకు. కొత్త హెడ్ కోచ్ వచ్చాడంటే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, పాతవాళ్ళలో ఒకరిద్దరు మిగిలితే అదృష్టం. 3 ఆటలు గెలిచిన జట్టులో ఉండిపోవడమంటే మహా అయితే ఏడాది కొనుక్కోవడం, ఒక్కోసారి ఏడాది కూడా కాదు. పెన్ స్టేట్ జట్టును జాతీయ సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళిన జేమ్స్ ఫ్రాంక్లిన్‌నే ఆ మరుసటి సీజన్ సగంలో, 2025 అక్టోబరులో తీసేశారు. అయినా ఆ ఏడాదికి విలువ లేకపోలేదు. నీ మేనేజరు ఉద్యోగం ఏడాది దాటుతుంది, పాప అదే బడిలో మూడో తరగతికి వెళ్తుంది, అమ్మ తెలిసిన ఊళ్ళోకే వస్తుంది. దానికి చెల్లించే ధర ఏమిటంటే, వచ్చే డిసెంబరులో మీ ఆయన ఉద్యోగం పోయినవాడిగా ఉద్యోగాలు వెతకాలి. ఇప్పుడైతే తననే పిలుస్తున్నారు. ఈ తేడా ఆయనకు బాగా తెలుసు, అందుకే రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు.

ఉద్యోగం పోవడమే కథకు చివర అని కూడా కాదు. డాబో స్వీనీ అలబామాలో అసిస్టెంటుగా ఉండగా 2000 సీజన్‌తో కోచ్‌లందరితో పాటు ఆయన్నీ పంపేశారు. బర్మింగ్‌హామ్‌లో రెండేళ్ళు షాపింగ్ సెంటర్లు అద్దెకిచ్చే పని చేశాడు. 2003లో క్లెమ్సన్ యూనివర్సిటీ పిలిచింది. అక్కడే హెడ్ కోచ్ అయి 2016లో, 2018లో టైటిళ్ళు గెలిచాడు. మీ ఆయన ఆ రెండేళ్ళలాంటి కాలాన్ని తట్టుకోగలడా? అది నాకు తెలియదు, నీకు తెలుస్తుంది.

అనలిస్టు పని గురించి ఉత్తరంలో రెండే లైన్లు రాశావు. నీకది నచ్చలేదని అర్థమైంది. మూడింటిలో నాకూ అదే బలహీనంగా కనిపిస్తోంది, కాకపోతే తీసిపారేసే ముందు ఒకటి చూడు. 2024 వేసవి నుంచి పై మెట్టు జట్లలో అనలిస్టులు కూడా మైదానంలో దిగి పిల్లలకు నేర్పవచ్చు. అంతకు ముందు ఆ వీలు లేదు. బయట ఊళ్ళు తిరిగి కుర్రాళ్ళను జట్టులోకి ఒప్పించే పని మాత్రం ఇప్పటికీ కోచ్‌లదే. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో మనిషి ఇంట్లో కనబడతాడు. అలబామాలో 2016లో అనలిస్టుగా చేరిన స్టీవ్ సార్కీసియన్ 2021కి టెక్సస్ హెడ్ కోచ్ అయ్యాడని మీ ఆయన స్నేహితుడు చెప్పే ఉంటాడు. సార్కీసియన్ అప్పటికే రెండు పెద్ద యూనివర్సిటీలకు హెడ్ కోచ్‌గా చేసి వచ్చినవాడు. ఆ సంగతి స్నేహితుడు చెప్పి ఉండడు.

హెడ్ కోచ్ ఉద్యోగానికే ఔనంటే, మూడేళ్ళు 92 వేలు అని ఫోనులో చెప్పిన మాటను కాంట్రాక్టు అనుకోవద్దు. నా బల్ల మీద చూసిన ఏడుపుల్లో సగం దీని వల్లే. మూడేళ్ళు అని రాసి, కింద చిన్న అక్షరాల్లో ఎప్పుడైనా 60 రోజుల నోటీసుతో ముగించవచ్చు అని రాస్తారు. అప్పుడది 60 రోజుల ఉద్యోగం. మధ్యలో తీసేస్తే మిగిలిన జీతం ఎంత ఇస్తారు, వేరే ఉద్యోగం దొరికితే అందులోంచి కోస్తారా, మనమే ముందు వదిలి వెళ్తే వాళ్ళకు ఎంత కట్టాలి, ఈ మూడూ లాయరు చేత చదివించండి. ఒక్క గంట ఫీజు. ఇల్లు మారే ఖర్చులు ఇస్తామన్నారని రాశావు. 2018 నుంచి ఆ సొమ్మును జీతంలో కలిపి పన్ను వేస్తున్నారు, చేతికి తక్కువే వస్తుంది. ఇన్సూరెన్సు ఏ తేదీ నుంచి మొదలవుతుందో అడుగు. రిటైర్‌మెంటు ఖాతాలో యజమాని వేసిన వాటా ఎన్నేళ్ళుంటే మనదవుతుందో కూడా. ఇన్ని ఊళ్ళు మారడంలో మీరు అక్కడ వదిలేసి వచ్చింది ఎంతో ఎప్పుడైనా కూడి చూశారా?

మీ ఆయన అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆశపడి అడగకుండా వదిలేస్తాడేమోనని నీకు చెప్తున్నాను. డివిజన్ టూ ఫుట్‌బాల్‌లో జట్టు మొత్తానికి 36 పూర్తి స్కాలర్‌షిప్‌లంత సొమ్ము వరకే ఇవ్వవచ్చు. దాన్నే ముక్కలు చేసి కుర్రాళ్ళందరికీ పంచాలి. కానీ అన్ని కాలేజీలూ ఆ 36కు సరిపడా డబ్బు పెట్టవు. ఈ కాలేజీ ఎన్నింటికి పెడుతోంది, వీళ్ళతో ఆడే మిగతా జట్లు ఎన్నింటికి పెడుతున్నాయి? వీళ్ళు 20, పక్కవాళ్ళు 36 అయితే ఎంత మంచి కోచ్ అయినా చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టే. పూర్తి జీతం మీద ఎంతమంది అసిస్టెంట్లను ఇస్తారో, ఆయన్ని పిలిచిన అథ్లెటిక్ డైరెక్టరు, అంటే కాలేజీ ఆటల విభాగం పెద్ద, ఎన్నేళ్ళుగా ఉన్నాడో, ఎన్నాళ్ళు ఉండేలా ఉన్నాడో కూడా తెలుసుకోవాలి. డైరెక్టరు మారాడంటే కోచ్ కుర్చీ కదలడం మొదలైనట్టే. మంచి కుర్రాడు ఒక సీజన్ బాగా ఆడితే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే జట్టు మారదలచిన కుర్రాళ్ళ జాబితాలో, పేరు వేసుకుని పై జట్టుకు వెళ్ళిపోతాడు. ఈ రోజుల్లో చిన్న కాలేజీ కోచ్‌కు అది పంట చేతికొచ్చే వేళకు వాన పడటం లాంటిది.

ఇక నీ సంగతి. చిన్న ఊళ్ళో హెడ్ కోచ్ భార్యంటే ఎవరికీ తెలియని మనిషిగా ఉండటం కుదరదు. అసిస్టెంటు భార్యగా నువ్వు స్టాండులో ఎక్కడో కూర్చుని పుస్తకం చదువుకోగలిగావు. అక్కడ దాతల విందుకు వెళ్ళాలి, కుర్రాళ్ళ తల్లుల పేర్లు గుర్తుపెట్టుకోవాలి. శనివారం ఓడిపోతే ఆదివారం కూరగాయల దుకాణంలో నీకు తెలిసిపోతుంది, సోమవారం బడిలో పాపకు తెలిసిపోతుంది. చుట్టుపక్కల తెలుగిల్లు ఉండదు. కందిపప్పు కోసం రెండు గంటల డ్రైవు. ఇందులో కొంత నీకు సరదాగా కూడా ఉండొచ్చు, నీ ఉత్తరంలో హాస్యం ఉంది, మనుషులంటే ఇష్టం ఉంది. పని గంటలు మాత్రం తగ్గవు. అసిస్టెంటుకు తన గుంపు కుర్రాళ్ళే బాధ్యత, హెడ్ కోచ్‌కు నూరు మంది. రాత్రి రెండింటికి హాస్టల్లో ఎవడు ఏం చేసినా ఫోను మోగేది మీ మంచం పక్కనే.

నీకున్నవి ఔను, వద్దు అనే రెండు దారులే అనుకుంటున్నావు. మధ్యలో ఒకటుంది, కోచ్‌ల ఇళ్ళలో చాలామంది చేసేదే. ఆయన జనవరిలో ముందు వెళ్ళడం, నువ్వూ పాపా బడి సెలవుల దాకా ఇక్కడే ఉండటం. చిన్న కాలేజీలు అలాంటప్పుడు క్యాంపస్‌లో ఒక గది ఇస్తుంటాయి, అడగమను. ఈ అయిదు నెలల్లో అక్కడి ఆసుపత్రిలో ఖాళీ ఉందో లేదో చూడొచ్చు. ఇంటి నుంచే ఆసుపత్రి ప్రిస్క్రిప్షన్లు సరిచూసే రిమోట్ ఫార్మసిస్టు ఉద్యోగం దొరికితే తర్వాతి ఊరికి కూడా నీతోనే వస్తుంది. నాకు ఈ దారి మీద కొంచెం మొగ్గు ఉందని దాచను. కాకపోతే దీనికీ ఖరీదుంది. అయిదు నెలలు రెండు ఇళ్ళ ఖర్చు, తగ్గిన జీతం మీద. పాప నాన్నను తెర మీద చూస్తుంది. పైగా జూన్ వచ్చేసరికి నీకు కదలబుద్ధి కాకపోవచ్చు. ఆ మాట ఆయనకు ఇప్పుడే చెప్పు. రానని కాదు, రాలేకపోతానేమోనన్న భయం ఉందని. జూన్‌లో చెప్తే అది వేరే మాటగా వినిపిస్తుంది.

ఏడు పేజీలూ రెండుసార్లు చదివాను. ఆయనకేం కావాలో ఉంది, పాపకేం మంచిదో ఉంది, అమ్మ ఏమంటుందో, అన్నయ్య ఏమన్నాడో ఉంది. నాకు ఇది కావాలి అన్న వాక్యం ఒక్కటి లేదు. మేనేజరు ఉద్యోగం వచ్చిన రోజు గురించి మాత్రం ఒక పేరా రాశావు. కొత్త బ్యాడ్జి మీద పేరు తప్పు పడితే సరిచేయించుకోకుండా వారం రోజులు అలాగే పెట్టుకు తిరిగానన్నావు, మార్చడానికి ఇస్తే మళ్ళీ తీసేసుకుంటారేమోనని. ఆ పేరా మీ ఆయనకు చదివి వినిపించు. నువ్వు వద్దంటే జీవితాంతం నిష్ఠూరమాడతాడేమోనని భయపడుతున్నావు కదా, అసలు ఆయన ఎదుట ఎప్పుడైనా ఏదైనా వద్దన్నావా? అయిదు ఊళ్ళకూ సరే అన్నావు. నీ ఇష్టం మీదే వచ్చావని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. పాపం, అందులో ఆయన తప్పు కూడా అంత లేదు.

మాట్లాడుకునేటప్పుడు వెళ్దామా వద్దా అని మొదలుపెట్టకండి. మూడేళ్ళ తర్వాత తీసేస్తే ఎక్కడ ఉంటాం, గెలిచి పై నుంచి పిలుపొస్తే పాప అయిదో తరగతి మధ్యలో మళ్ళీ కదులుతామా, అక్కడి నుంచి మొదలుపెట్టండి. రెండో ప్రశ్న మొదటిదానికన్నా కష్టం. ఓడిపోతే ఏం చేయాలో కోచ్‌లు ఆలోచించి పెట్టుకుంటారు. గెలిస్తే ఇంట్లో ఏం జరుగుతుందో అడిగేవాళ్ళు తక్కువ. ఈసారి ఆయన ఉద్యోగం కోసం కదిలితే వచ్చేసారి నీ ఉద్యోగం చూసి ఊరు ఎంచుకుందాం అని ఒప్పందం చేసుకున్న జంటలను చూశాను. నిలబెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, సీజన్ రాగానే మరిచిపోయినవాళ్ళూ ఉన్నారు.

మీ అన్నయ్యకు ఏం చెప్పాలని అడిగావు. ఏమీ చెప్పకు.

అమ్మ టికెట్ మాత్రం మార్చకు. మార్చి, ఏప్రిల్ నెలల్లో స్ప్రింగ్ ప్రాక్టీసులు. ఏ ఉద్యోగమైనా, ఏ ఊరైనా అప్పుడు మీ ఆయన ఇంట్లో ఉండడు, ఇంట్లో ఇంకో పెద్ద మనిషి కావాల్సింది సరిగ్గా అప్పుడే. అమ్మకు ఇచ్చే ఆరు నెలలూ మార్చి నుంచి లెక్కేస్తే ఆగస్టు దాటుతుంది. జూన్‌లో ఊరు మారినా పెట్టెలు కట్టడానికి ఒక చెయ్యి, కొత్త ఊళ్ళో పాపను బస్సెక్కించడానికి ఒక చెయ్యి ఉంటాయి. వచ్చేటప్పుడు ఆవకాయ రెండు జాడీలు ఎక్కువ తెమ్మను, ఆ కొత్త ఊరికే వెళ్తే కుర్రాళ్ళ తల్లులకు కూడా పెట్టాల్సి వస్తుంది.